పగటి పూటకు పండూ పువ్వూ: తేలికపాటి సెంట్ల మీద మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ ఉన్నాయి. ఆఫీసుకో కాలేజీకో రోజూ వేసుకోదగ్గ, పక్కవాళ్లను ఇబ్బంది పెట్టని తేలికపాటి సెంటు ఏది, దాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా నిలుపుకోవాలి అని అడిగారు. అందుకే ఈ సంచిక శీర్షిక మొత్తాన్ని దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: షాపులో ‘ఫ్రూటీ ఫ్లోరల్’ అంటూ నాలుగు చూపించారు. ఒకటి జామపండులా, ఇంకొకటి రూమ్ ఫ్రెషనర్‌లా ఉంది. అసలు ఆ మాటకు అర్థం ఏమిటి? ఉదయం పది నుంచి సాయంత్రం దాకా ఏసీలో, కౌంటర్ దగ్గర కూర్చునే ఉద్యోగం నాది. ఏది సరిపోతుంది?
— బ్యాంకు ఉద్యోగిని, గుంటూరు

పువ్వుల వాసన ప్రధానంగా ఉండి, దాని మీద పండు వాసన పలచగా పరుచుకున్న సెంటును ఫ్రూటీ ఫ్లోరల్ అంటారు. ఈ కలయిక మనకు కొత్తది కాదు. బాగా విచ్చిన సంపెంగలో పువ్వుతో పాటు మగ్గిన పండు వాసన కూడా ఉంటుంది. మనోరంజితం అయితే దాదాపు పండే. ఏ పండును తలచుకుంటే ఆ పండు వాసన వస్తుందని పెద్దలు అనడం వెనుక ఉన్నది అదే. చైనాలో పూసే ఆస్మాంథస్ అనే చిన్న పువ్వుది ఆప్రికాట్ వాసన. దాని తైలాన్ని ఖరీదైన సెంట్లలో వాడతారు.

ఇక సీసాలోకి వస్తే, ఆపిల్, పియర్, పీచ్ లాంటి పండ్ల నుంచి సుగంధ తైలం రాదు. నిమ్మ, నారింజ, బెర్గమాట్ జాతికి మాత్రమే తొక్కను పిండితే తైలం దిగుతుంది. మిగతా పండ్ల వాసనలన్నీ ప్రయోగశాలలో కూర్చినవే. పియర్‌ను గుర్తు తెచ్చేది హెక్సైల్ ఎసిటేట్. పీచ్‌ను గుర్తు తెచ్చేది గామా అండెకాలాక్టోన్, అంగడి భాషలో సీ-14. గెర్లాన్ సంస్థ 1919లో తెచ్చిన మిత్సుకోలో పీచ్ వాసన ఈ పదార్థానిదే. పువ్వుల్లో కూడా పియోనీ, ఫ్రీజియా, లిల్లీ ఆఫ్ ద వ్యాలీల నుంచి అమ్మకానికి పనికొచ్చే తైలం తీయలేరు. అవి పెట్టె మీద కనిపిస్తే ఆ వాసనను తిరిగి కట్టారని అర్థం. గులాబీ, మల్లె తైలాలు మాత్రం నిజంగా ఉన్నాయి. మనకు పక్కనే తమిళనాడులో మదురై, కోయంబత్తూరు ప్రాంతాల మల్లెల నుంచి తీసిన ఆబ్సొల్యూట్ అనే గాఢమైన తైలం విదేశీ సెంటు కంపెనీలకు వెళ్తుంది.

తేలికదనం ఎక్కువగా హెడియోన్ అనే పదార్థం వల్ల వస్తుంది. మల్లె తైలంలో ఇండోల్ అనే పదార్థం వల్ల వచ్చే బరువు, మత్తు దీనిలో ఉండవు. తడిగాలిలో తేలివచ్చే మల్లె వాసనలా ఉంటుంది. 1966లో డియోర్ వారి ఓ సొవాజ్‌తో ఇది ప్రసిద్ధికెక్కింది. ఇప్పుడు పగటి పూట సెంట్లలో ఇది లేనిది దొరకడం కష్టం.

మీకు ఒకటి జామపండులా, ఒకటి రూమ్ ఫ్రెషనర్‌లా అనిపించడానికి కారణం ఉంది. పండు వాసననిచ్చే ఎస్టర్లు అనే రసాయనాలు చౌక. మొదటి అయిదు నిమిషాల్లోనే కొనేవాళ్లను ఆకట్టుకుంటాయి. అందుకని కొందరు వాటిని దండిగా పోసి, కింద ఉండాల్సిన పువ్వును, మస్క్‌ను (కస్తూరిని పోలిన అడుగు వాసన) తగ్గించేస్తారు. అవే ఎస్టర్లు ఫినాయిల్లోనూ, గిన్నెలు తోమే ద్రవంలోనూ ఉంటాయి కాబట్టి ముక్కుకు వెంటనే ఆ సంగతి తెలిసిపోతుంది. మంచి ఫ్రూటీ ఫ్లోరల్‌లో పండు పావుగంటకో అరగంటకో వెనక్కి తగ్గి పువ్వుకు చోటిస్తుంది.

మీ ఉద్యోగానికి పైన (వేసుకోగానే తగిలేది) పియర్, పుల్లని పండ్లు లేదా నిమ్మజాతి, మధ్యలో పియోనీ, ఫ్రీజియా, తేలికపాటి మల్లె, అడుగున (చివరిదాకా మిగిలేది) వైట్ మస్క్, కొద్దిగా దేవదారు ఉన్నది చూడండి. ఈ వరుసకు ఉదాహరణలు చెప్పాలంటే, 2006లో వచ్చిన వెర్సాచే బ్రైట్ క్రిస్టల్‌లో పైన దానిమ్మ, యుజు అనే నిమ్మజాతి పండు, మధ్యలో పియోనీ, మాగ్నోలియా, తామర ఉన్నాయి. 2010 నాటి షనెల్ ఛాన్స్ ఓ తాంద్ర్‌లో గ్రేప్‌ఫ్రూట్, క్విన్స్ అనే పండు, మల్లె ఉన్నాయి. 2004లో వచ్చిన డీకేఎన్‌వై బీ డెలీషియస్‌ది పచ్చి ఆపిల్ వాసన. ఇవే కొనమని చెప్పడం లేదు. షాపులో ఈ మూడింటినీ వాసన చూస్తే దానిమ్మ, క్విన్స్, ఆపిల్ దారుల్లో మీకు ఏది నచ్చుతుందో తెలుస్తుంది. తర్వాత అదే దారిలో మీ ధరకు తగ్గది అడగొచ్చు. కారమెల్, ప్రాలిన్, గాఢమైన వెనిల్లా, నేలసంపెంగ ముందు వరుసలో ఉన్నవాటిని ఏసీ గదికి వద్దు. తలుపులు మూసిన గదిలో అవి కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లకు కూడా తలనొప్పి తెప్పిస్తాయి.

ప్రశ్న: ఉదయం ఎనిమిదింటికి కొట్టుకుంటే పదకొండుకల్లా ఏమీ ఉండటం లేదు. సీసా నకిలీదా? మణికట్టు మీద, మెడ మీద కొట్టుకుని రుద్దుతాను.
— డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

నకిలీ అని అనుమానించే ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది దాని స్వభావం. నిమ్మజాతి తైలాలు, పండు ఎస్టర్లు చిన్న అణువులు. ఒంటి వేడికే అరగంటలోపు లేచిపోతాయి. హెడియోన్, గులాబీ రకం పదార్థాలు మూడు నాలుగు గంటలు ఉంటాయి. మస్క్ పెద్ద అణువు కాబట్టి రోజంతా ఉంటుంది, బట్ట మీద అయితే ఉతికే దాకా వదలదు. తేలికపాటి సెంటు మూడు గంటల తర్వాత చర్మానికి దగ్గరగా, మంద్రంగా మిగలడం లోపం కాదు. దాన్ని అలాగే కట్టారు. బెజవాడ ఎండల్లో 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. మొదటి అరగంట మరీ ఘాటుగా ఉండి, తర్వాత చప్పున తగ్గిపోతుంది.

రెండోది మీ ముక్కు. ఒకే వాసన పావుగంట, ఇరవై నిమిషాలు వరసగా తగిలితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. దీనికి తోడు కొన్ని మస్క్‌లు కొందరికి పుట్టుకతోనే వాసన తెలియవు. గలాక్సొలైడ్ అనేది అందులో ఒకటి. మీ సెంటు అడుగున అదే ఉంటే మీకు మాత్రమే మాయమైపోయినట్టు ఉంటుంది. పదకొండు గంటలకు స్నేహితురాలిని మీ మెడ దగ్గర వాసన చూడమనండి. ఉంది అంటే ఇంకో నాలుగు స్ప్రేలు కొట్టకండి. తరగతి గదిలో మిగతావాళ్లు ఇబ్బంది పడేది సరిగ్గా ఇక్కడే.

మూడోది వేసుకునే పద్ధతి. పొడి చర్మం మీద సెంటు నిలవదు. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా తుడుచుకుని, వాసన లేని మాయిశ్చరైజర్ పలచగా రాసి అయిదు నిమిషాలు ఆగండి. మాయిశ్చరైజర్ లేకపోతే బఠాణీ గింజంత పెట్రోలియం జెల్లీ చాలు. తర్వాత 15 సెంటీమీటర్ల దూరం నుంచి మోచేతి మడతల్లో ఒక్కొక్కటి, మెడ వెనక ఒకటి, నూలు చున్నీ లోపలి వైపు ఒకటి, మొత్తం నాలుగు స్ప్రేలు కొట్టుకోండి. మణికట్టు మంచి చోటు కాదు, చేయి కడిగినప్పుడల్లా పోతుంది. రుద్దవద్దు. రుద్దితే వేడి పుట్టి పైవాసన ముందే ఎగిరిపోతుంది, తైలంలో కొంత రెండో చేతికి అంటుకుంటుంది.

చంకల్లో ఎప్పుడూ కొట్టుకోకూడదు. చెమటతో కలిసిన పండు వాసన పులిసినట్టు మారుతుంది. చెమటకు వాసన లేని యాంటీపెర్‌స్పిరెంట్ వేరుగా వాడండి. గంధం సబ్బు, సువాసన టాల్కం పౌడరు, వాసన నూనె, వీటి మీద సెంటు. నాలుగూ ఒకదానితో ఒకటి తగువులాడుకుంటాయి. మీ సెంటు చెడ్డదని అనిపించే రోజు, సబ్బు, పౌడరు మార్చి ఒకసారి చూడండి.

ఇవన్నీ చేశాక కూడా మధ్యాహ్నానికి కావాలనుకుంటే 5 ఎంఎల్ గాజు ఆటమైజర్ (చిన్న స్ప్రే సీసా)లోకి కొంచెం తీసి సంచిలో పెట్టుకోండి. భోజనం తర్వాత ఒక్క స్ప్రే చాలు, అదీ తరగతి గది బయట.

ప్రశ్న: ఈడీటీ (ఓ ద తువాలెట్), ఈడీపీ (ఓ ద పార్ఫుమ్), బాడీ మిస్ట్‌లలో రోజువారీకి ఏది లాభం?
— తిరుపతి

కలిసిన సుగంధ తైలం పాళ్లలో తేడా. బాడీ మిస్ట్‌లో సుమారు 1 నుంచి 3 శాతం, ఈడీటీలో 5 నుంచి 15, ఈడీపీలో 15 నుంచి 20, పర్‌ఫ్యూమ్ లేదా ఎక్స్‌ట్రే అని రాసినదానిలో 20 పైన. ఇవి చట్టం గీసిన గీతలు కావు, కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతాయి. అదే పేరుతో వచ్చిన ఈడీపీ చాలాసార్లు ఈడీటీకి చిక్కటి రూపం కాదు. పైవాసన తగ్గించి, అడుగు వాసన పెంచి మళ్లీ కట్టినది. అందుకే ఈడీటీ నచ్చిందని ఈడీపీ చూడకుండా కొనవద్దు.

లెక్క ఇలా వేసుకోండి. ఒక స్ప్రేకు దాదాపు 0.1 ఎంఎల్ పడుతుంది. 50 ఎంఎల్ సీసాలో 500 స్ప్రేలు. రోజుకు నాలుగు చొప్పున 125 రోజులు. ధరను 125తో భాగిస్తే రోజు ఖర్చు వస్తుంది. బాడీ మిస్ట్ చౌకగా కనిపించినా ఒక్కసారికి పది పన్నెండు స్ప్రేలు కొడతాం కాబట్టి 100 ఎంఎల్ సీసా దాదాపు మూడు నెలలే వస్తుంది. ఎండాకాలానికి ఈడీటీ, వానాకాలం, చలికాలాలకు ఈడీపీ మా సలహా.

ప్రశ్న: షాపులో అయిదారు వాసన చూసేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. కాఫీ గింజలు ఇస్తారు. ఇంటికొచ్చాక కొన్నది నచ్చదు.
— గృహిణి, హైదరాబాద్

ఒకే విడతలో మూడు కంటే ఎక్కువ చూడకండి. కాఫీ గింజలది కూడా బలమైన వాసనే, వాటి వల్ల ముక్కు తేరుకోదు. మీ మోచేతి మడతలోనో, ఉతికిన చీర కొంగులోనో ముఖం పెట్టి నాలుగైదు సార్లు మామూలుగా ఊపిరి తీయండి, లేదా బయటి గాలికి వెళ్లి రండి.

కాగితం పట్టీ మీద ముందు చూడండి. స్ప్రే కొట్టగానే ముక్కుకు ఆనించకూడదు, ఆల్కహాలే తగులుతుంది. అర నిమిషం ఆగండి. నచ్చిన రెండింటిని చెరో చేతి మీద ఒక్కో స్ప్రే కొట్టించుకుని, ఏమీ కొనకుండా బయటికి వచ్చేయండి. పావుగంటకు ఒకసారి, గంటకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి చూడండి. రోజువారీ సెంటులో మీరు ఎక్కువసేపు గడపబోయేది మూడో గంట తర్వాతి వాసనతోనే. అప్పుడు సబ్బు నురగలా, ఉతికిన నూలు బట్టలా శుభ్రంగా ఉంటే కొనండి. తీపి మాత్రమే మిగిలి జిగటగా అనిపిస్తే, మొదటి నిమిషం ఎంత బాగున్నా వదిలేయండి. ఉదయం పూట వెళ్లండి. ఆ రోజు వేరే సెంటు, వాసన నూనె ఉండకూడదు. జలుబు ఉంటే వాయిదా వేయండి.

ప్రశ్న: తలలో మల్లెపూలు పెట్టుకున్న రోజు సెంటు వేసుకోవచ్చా?
— అనకాపల్లి

మల్లెలు ఉన్న రోజు వాటినే మాట్లాడనివ్వండి. అయినా కావాలంటే మల్లె, గులాబీ ముందుండే సెంటు కాకుండా పియర్ లేదా నిమ్మజాతి ఎక్కువున్నది రెండు స్ప్రేలు, నడుము దగ్గర. మెడ వెనక వద్దు. మధ్యాహ్నానికి పూలు వాడుతున్నప్పుడు వాటిలో ఇండోల్ వాసన పెరుగుతుంది. సెంటులోని తీపి పండు దాని పక్కన చేరితే కుళ్లిన వాసన అనిపిస్తుంది. సన్నజాజులకు ఈ ఇబ్బంది తక్కువ.

ప్రశ్న: మస్క్ అంటే కస్తూరి కదా. జంతువు నుంచి తీసింది వేసుకుని పూజ గదిలోకి వెళ్లొచ్చా?
— నెల్లూరు

ఈ సెంట్లలో వైట్ మస్క్ అని రాసేది జంతువు నుంచి వచ్చింది కాదు. గలాక్సొలైడ్, హబనొలైడ్, ఇథైలీన్ బ్రాసిలేట్ లాంటివన్నీ కృత్రిమంగా తయారైనవే. కస్తూరి మృగం మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. దాని కస్తూరి అమ్మడం నేరం. ఆల్కహాల్ విషయంలో అభ్యంతరం ఉంటే నూనె మూలంగా ఉన్న రోల్ ఆన్ లేదా అత్తరు తీసుకోండి. హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో మోతియా, అంటే మల్లె అత్తరు, అడిగితే ఇస్తారు. పీచ్, లిచీ లాంటి పండు పేర్లతో అమ్మే అత్తర్లు బట్టీలో దించినవి కావు, కృత్రిమ సువాసనను నూనెలో కలిపినవి. వాడుకోవడానికి ఇబ్బంది లేదు కానీ సంప్రదాయ అత్తరు ధర ఇవ్వవద్దు.

ప్రశ్న: కొత్త సెంటు వేసుకున్న మూడో రోజు మెడ మీద దురద, ఎర్రటి మచ్చ. పాతది ఏళ్లుగా వాడినా ఏమీ కాలేదు.
— ఉపాధ్యాయురాలు, కర్నూలు

వెంటనే ఆపండి. ఆ చోట వాసన లేని సబ్బుతో కడిగి, ఏ సెంటూ తగలనివ్వకండి. మచ్చ వారానికి తగ్గకపోయినా, నీరు కారినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. వీపు మీద ప్యాచ్‌లు అంటించి 48 గంటల తర్వాత తీసి, మళ్లీ నాలుగో రోజుకు చూసి చెప్పే పరీక్ష ఉంది. అందులో ఫ్రాగ్రెన్స్ మిక్స్ 1, ఫ్రాగ్రెన్స్ మిక్స్ 2 ఉంటాయి. సెంటు వల్ల వచ్చే అలర్జీలు చాలావరకు వాటితో బయటపడతాయి.

పెట్టె మీద లినాలూల్, లిమొనీన్, జెరానియాల్, సిట్రోనెల్లోల్, హైడ్రాక్సీసిట్రోనెల్లాల్ అన్న పేర్లు చూస్తారు. పండూ పువ్వూ వాసనలకు ఇవి తప్పనిసరి. వీటిలో లినాలూల్, లిమొనీన్ తాజాగా ఉన్నప్పుడు మెతకవే. గాలి తగిలి ఆక్సీకరణ చెందితే హైడ్రోపెరాక్సైడ్‌లు ఏర్పడి అవి అలర్జీ తెప్పిస్తాయి. సగం ఖాళీ అయి ఏళ్ల తరబడి పడున్న సీసా ఇంకా ప్రమాదం. పదార్థాల్లో బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపయొనాల్ అని ఉంటే అది లిలియల్. యూరప్‌లో 2022 మార్చి 1 నుంచి నిషేధించారు. పాత సరుకులో కనిపించవచ్చు, అలాంటి సీసా పక్కన పెట్టేయండి.

ఏ కొత్త సెంటు అయినా మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాసి చూశాకే మెడ దాకా రానివ్వండి. ఒక్కరోజు పరీక్ష చాలదు. అలర్జీ మొదటి రోజే బయటపడదు, మీకు మూడో రోజు వచ్చింది చూడండి. వ్యాక్సింగ్ చేయించుకున్న రోజు, బ్లేడు తగిలిన రోజు చర్మం మీద వేయకూడదు. ఎండలో తిరిగే రోజు బెర్గమాట్ ఎక్కువున్నది చర్మం మీద కాకుండా బట్ట మీద వేసుకోవడం మేలు. శుద్ధి చేయని బెర్గమాట్ తైలంలోని బెర్గాప్టెన్ ఎండ తగిలితే నల్లటి మచ్చలు తెస్తుంది. పెద్ద కంపెనీలు దాన్ని తీసేసిన తైలమే వాడతాయి, ఇంట్లో కలిపేవాళ్లే జాగ్రత్తపడాలి.

ప్రశ్న: పట్టుచీర మీద స్ప్రే మచ్చ పడింది. ముత్యాల దండ కూడా మెరుపు తగ్గింది.
— రాజమహేంద్రవరం

పట్టు మీద నేరుగా వేయకూడదు. ఆల్కహాల్ రంగును కదిలిస్తుంది, తైలం అంచుల దాకా పాకి గుండ్రటి మచ్చ కడుతుంది, జరీ నల్లబడుతుంది. నీళ్లతో రుద్దకండి, పెద్దదవుతుంది. మచ్చ సెంటుదని చెప్పి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. ముత్యాల పైపొరను సెంటు, చెమట రెండూ తింటాయి. పోయిన మెరుపు పూర్తిగా తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. వరస గుర్తుంచుకోండి. ముందు సెంటు, అది పూర్తిగా ఆరడానికి పది నిమిషాలు, తర్వాత చీర, చివరికి ముత్యాలు. రాత్రి తీశాక మెత్తటి తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

ప్రశ్న: ఇలాంటి సెంటు ఇంట్లో చేసుకోవాలని ఉంది. సర్జికల్ స్పిరిట్‌లో పువ్వులు నానబెట్టాను, మందుల షాపు వాసన తప్ప ఏమీ రాలేదు.
— వరంగల్

రాదు. సర్జికల్ స్పిరిట్‌కు దాని సొంత ఘాటు ఉంటుంది, చర్మాన్ని ఎండగడుతుంది. శానిటైజర్ కూడా అంతే. సెంటుకు వాడే శుద్ధమైన ఇథనాల్ ఎక్సైజ్ నిబంధనల్లో ఉంటుంది కాబట్టి ఇంటికి దొరకదు. పచ్చి పువ్వులను కొబ్బరి నూనెలో వేస్తే వాటి నీరు నూనెలోకి దిగి వారం పది రోజుల్లో బూజు పడుతుంది. అందుకని నూనె రోల్ ఆన్ చేయండి. సుగంధ ద్రవ్యాలు చిల్లరగా అమ్మేవాళ్ల దగ్గర కిందివన్నీ దొరుకుతాయి.

0.01 గ్రాము చూపే చిన్న త్రాసు తప్పనిసరి. చుక్కల లెక్క నమ్మవద్దు, ఒక్కో ద్రవానికి చుక్క బరువు ఒక్కోలా ఉంటుంది. ముందుగా సీ-14ను, హెక్సైల్ ఎసిటేట్‌ను వేర్వేరుగా పలచన చేయండి. ఒక్కోటి 1 గ్రాముకు ఐసోప్రొపైల్ మిరిస్టేట్ అనే వాసన లేని పలచని ద్రవం 9 గ్రాములు. వీటిని నేరుగా తూస్తే 0.01 గ్రాము తేడా కూడా మొత్తం వాసనను చెడగొడుతుంది.

10 గ్రాముల సెంటుకు పాళ్లు ఇవి. హెడియోన్ 0.40, గలాక్సొలైడ్ 50 శాతం ద్రావణం 0.20, ఐసో ఈ సూపర్ (కర్ర వాసన) 0.10, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ (గులాబీ వాసన) 0.10, లినాలూల్ 0.08, బెర్గాప్టెన్ తీసేసిన బెర్గమాట్ తైలం 0.08, పలచన చేసిన సీ-14 0.20, పలచన చేసిన హెక్సైల్ ఎసిటేట్ 0.20. అంతా కలిపి 1.36 గ్రాములు. మిగతా 8.64 గ్రాములు ఫ్రాక్షనేటెడ్ కొబ్బరి నూనె, అంటే చలికి గడ్డకట్టని రకం. మామూలు కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకడుతుంది, వాసన కూడా అడ్డొస్తుంది. నువ్వుల నూనెతోనూ అదే బాధ.

మస్క్‌తో మొదలుపెట్టి బరువైనవి ముందు, హెక్సైల్ ఎసిటేట్ చివర వేయండి. కిటికీ తెరిచి, చేతి తొడుగులు వేసుకుని, గాజు గిన్నెలోనే కలపండి. కొన్ని ప్లాస్టిక్‌లు ఈ ద్రవాలకు మెత్తబడతాయి. నూనె చివర్లో పోసి, మెల్లగా తిప్పి, మూత పెట్టి రెండు వారాలు చీకట్లో ఉంచండి. మొదటి రోజు విడివిడిగా, గరుకుగా అనిపించే వాసన అప్పటికి కలిసిపోతుంది. 10 గ్రాములంటే పదిన్నర ఎంఎల్ అవుతుంది, 10 ఎంఎల్ సీసా పొంగుతుంది. స్టీలు గుండు ఉన్న 12 లేదా 15 ఎంఎల్ గాజు రోల్ ఆన్ కొనండి.

తెల్లగా మబ్బు పట్టిందా? గలాక్సొలైడ్‌ను డైప్రొపైలీన్ గ్లైకాల్‌లో కరిగించి ఇచ్చి ఉంటారు. అది నూనెలో కలవదు. ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌లో కరిగించినది అడిగి తీసుకోండి. పీచ్ మరీ ముందుకొచ్చి డబ్బా పండ్ల పాకంలా అనిపిస్తే సీ-14 ద్రావణాన్ని 0.10కి తగ్గించి, ఆ మేరకు నూనె పెంచండి. నూనెలో ఏ వాసనైనా స్ప్రే అంత దూరం వెళ్లదు, చేయి దూరంలో ఆగుతుంది. పగటి పూటకు అదే కావాలి. చర్మ పరీక్ష దీనికీ వర్తిస్తుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సగం ధరకే వస్తున్నాయి. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?
— ఖమ్మం

దిగుమతి సెంటు మన దేశంలో చట్టబద్ధంగా అమ్మాలంటే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, ఎంఆర్‌పీ ఉండాలి. ఆ స్టిక్కరే లేకపోతే, విదేశం నుంచి ఎవరో తెచ్చినదో నకిలీదో అయి ఉంటుంది. పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ కోడ్, సీసా అడుగున ఉన్నది ఒకటే కావాలి. స్ప్రే పొగమంచులా రావాలి, ధారలా కాదు. మూత వదులుగా ఉండటం, గొట్టం మరీ పొడవై సీసా అడుగున మెలి తిరగడం అనుమానించదగ్గ గుర్తులు. టెస్టర్ సీసా (షాపులో వాసన చూడటానికి పెట్టేది) మాత్రం అసలుదే అయినా మూత లేకుండా, మామూలు పెట్టెలో రావచ్చు. నకిలీల్లో ఏ ఆల్కహాల్ పోశారో తెలియదు కాబట్టి ఇక్కడ డబ్బు కంటే చర్మం గురించి ఆలోచించండి.

ప్రశ్న: సంక్రాంతికి ఇండియా వస్తూ అందరికీ సెంట్లు తేవాలనుకుంటున్నాను. ఎన్ని తేవచ్చు?
— డాలస్, అమెరికా

చేతి సంచిలో ఒక్కో సీసా 100 ఎంఎల్ మించకూడదు. అవన్నీ మిగతా ద్రవాలతో పాటు ఒక్క పారదర్శక సంచిలో పట్టాలి. అమెరికాలో ఆ సంచి కొలత ఒక క్వార్టు, దాదాపు లీటరు. చెక్ ఇన్ సామానులో ఒక్కోటి 500 ఎంఎల్ లోపు, మనిషికి అన్నీ కలిపి 2 లీటర్ల లోపు. ఇందులో హెయిర్ స్ప్రే లాంటివి కూడా లెక్కకొస్తాయి. సీసాలను మూత బిగించి, జిప్ సంచిలో వేసి, బట్టల మధ్యలో పెట్టండి.

ప్రశ్న: అక్క ఇచ్చిన సీసా మూడేళ్లయింది. నీళ్లలా ఉండేది ఇప్పుడు తేనె రంగులోకి వచ్చింది. పారేయాలా?
— శ్రీకాకుళం

రంగు ఒక్కటే చూసి పారేయకండి. వెనిల్లిన్, మల్లెలోని ఇండోల్ ఉన్న సెంట్లు కాలం గడిచేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతాయి, వాసన బాగానే ఉండొచ్చు. కాగితం మీద ఒక స్ప్రే కొట్టి చూడండి. మొదటి నిమిషంలో పుల్లగా, టర్పెంటైన్‌లా, వెనిగర్‌లా తగిలితే నిమ్మజాతి తైలాలు పాడైనట్టే. ఆ సీసాను ఒంటికి వాడకూడదు. మొదటి నిమిషం కొంచెం నీరసంగా ఉండి తర్వాత మామూలుగా ఉంటే, నూలు బట్టల మీదో రుమాలు మీదో వాడి ముగించేయండి.

పండు వాసనలే అన్నిటికంటే ముందు పాడవుతాయి కాబట్టి ఈ రకానికి ఆయుష్షు తక్కువ. తెరిచాక రెండు మూడేళ్లలో అయిపోయేటట్టు 30 లేదా 50 ఎంఎల్ కొనుక్కోవడమే మంచిది. బాత్రూము అలమారా, కిటికీ గట్టు, కారు డ్యాష్‌బోర్డు మూడూ పనికిరావు. పెట్టెలోనే ఉంచి, గాద్రెజ్ బీరువా కింది అరలో, వంటింటి గోడకు ఆనని వైపు పెట్టండి. ఎండాకాలంలో ఇల్లు 35 డిగ్రీలు దాటితే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టొచ్చు. పెడితే మాత్రం రోజూ తీస్తూ పెడుతూ ఉండకుండా, వారానికి సరిపడా 5 ఎంఎల్ ఆటమైజర్‌లోకి తీసుకుని పెద్ద సీసాను కదల్చకండి.